పవర్ స్టీరింగు పుల్లీ: సుత్తి పక్కన పెట్టండి

(రేడియో ప్రసంగ పాఠం)

దోహా నుంచి మాట్లాడుతున్నాను. కారు రిపేరు గురించి రేడియోలో చెప్పడమంటే గోంగూర పచ్చడి రుచి ఫోనులో చెప్పడం లాంటిదే. చూపించడానికీ లేదు, ముట్టుకోనివ్వడానికీ లేదు. అందుకని ఇవాళ పెద్ద విషయం ఏదీ ఎత్తుకోవడం లేదు. మహా అయితే చిన్న పళ్ళెమంత ఉండే ఒకే ఒక్క భాగం గురించి చెబుతాను. దాని పేరు పవర్ స్టీరింగు పంపు పుల్లీ. అది దెబ్బతింటే ఎలా గుర్తుపట్టాలి, ఎలా ఊడదీయాలి, అంతకంటే ముఖ్యంగా ఎలా ఊడదీయకూడదు, ఇదీ ఈ పూట కబురు.

నేను ఇక్కడ సనాయాలో, అంటే దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో, బండ్ల మరమ్మతు పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఇక్కడ వీధులకు పేర్లకంటే నంబర్లే వాడుక. ఏ వీధిలోకి వెళ్ళినా గ్యారేజీలు, టైర్ల షాపులు, స్పేర్ పార్టుల షాపులు. హిందీ, మలయాళం, ఉర్దూ, నేపాలీ, బెంగాలీ, వాటి మధ్యలో మన తెలుగు. ఎవరి భాష వారిదే కానీ "పానా" అంటే మాత్రం అందరి చేతిలోకీ స్పానరే వస్తుంది.

పుల్లీ అంటే కొత్త వస్తువేమీ కాదు. మన ఊరి బావి మీద ఉండే గిలకే. బావి గిలక మీద చేంతాడు నడుస్తుంది, ఇంజను గిలక మీద రబ్బరు బెల్టు నడుస్తుంది. ఇంజను తిరుగుతూ బెల్టును లాగుతుంది, బెల్టు ఈ గిలకను తిప్పుతుంది, గిలక తన వెనకున్న పంపును తిప్పుతుంది. ఆ పంపు నూనెను గట్టి ఒత్తిడితో స్టీరింగు గేరు దగ్గరికి తోస్తుంది. మీరు ఒక్క వేలుతో స్టీరింగు తిప్పితే రెండు టన్నుల బండి తల తిప్పుతోందంటే ఆ బలం మీ వేలిది కాదు, ఆ నూనెది.

మనలో పాతకాలం అంబాసిడర్ నడిపినవాళ్ళకు ఈ సుఖం విలువ బాగా తెలుసు. ఇరుకు సందులో ఆ కారు వెనక్కి తిప్పడమంటే రుబ్బురోలు తిప్పినట్టే ఉండేది. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజనీరు 1926లోనే ఈ నూనె ఒత్తిడి పద్ధతిని కారులో పెట్టి చూపించాడు. కానీ మామూలు జనం కొనుక్కునే కారులోకి అది రావడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో అమ్మకానికి వచ్చింది. ఈ మధ్య వస్తున్న చిన్న కార్లలో చాలావాటికి ఎలక్ట్రిక్ మోటారే స్టీరింగును తిప్పుతుంది. వాటిలో ఈ పంపూ లేదు, పుల్లీ లేదు. మీ కారు ఆ రకమైతే ఇవాళ్టి ప్రసంగం మీకు కాలక్షేపం. కానీ ఇక్కడ గల్ఫులో రోడ్డు మీద తిరిగే పాత పెద్ద బండ్లు, పికప్‌లు, కూలీలను తీసుకెళ్ళే బస్సులు, వీటిలో చాలావాటికి ఇంకా నూనె పంపే ఉంది. అమెరికాలో పదిహేను ఇరవై ఏళ్ళ బండిని జాగ్రత్తగా నడుపుకుంటున్న మన విద్యార్థుల సంగతీ అంతే.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఈ పుల్లీని పంపు షాఫ్టుకు రెండు రకాలుగా బిగిస్తారు. టయోటా, నిస్సాన్, హోండా లాంటి జపాన్ కంపెనీల పాత బండ్లలో చాలావాటికి మధ్యలో నట్టు ఉంటుంది. పుల్లీ తిరగకుండా పట్టుకుని నట్టు విప్పితే వచ్చేస్తుంది. జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ లాంటి అమెరికన్ కంపెనీల బండ్లలో చాలావాటికి నట్టూ ఉండదు, బోల్టూ ఉండదు. పుల్లీ రంధ్రం కంటే షాఫ్టు ఒక పిసరు లావు. ఆ పిసరు ఎంతంటే వెంట్రుక మందం కూడా ఉండదు. బలంగా నొక్కి ఎక్కిస్తారు. ఆ బిగువుతోనే అది ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటుంది.

మన ఊళ్ళో ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేయడం చూశారా? పట్టాను చక్రం కంటే ఒక పిసరు చిన్నదిగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, అది సాగినప్పుడు చక్రం మీదికి ఎక్కించి, గభాలున నీళ్ళు పోస్తారు. చల్లారగానే ముడుచుకుని చక్రాన్ని కరిచి పట్టుకుంటుంది. ఒక్క మేకు లేకుండా పదేళ్ళు నడుస్తుంది. ఈ పుల్లీ బిగువు కూడా ఆ జాతిదే. తేడా ఏమిటంటే అక్కడ మంట, ఇక్కడ ఒత్తిడి.

ఇలాంటి బిగువుకు ఒక గుణం ఉంది. అది ఏ దారిన ఎక్కిందో ఆ దారినే దిగుతుంది. తిన్నగా ఎక్కింది కాబట్టి తిన్నగానే రావాలి. పక్కకు గుంజితే రాదు, వంకరపోతుంది. అంచు పట్టుకుని లాగితే అంచు ఊడుతుంది, మధ్యభాగం అక్కడే ఉంటుంది. సుత్తితో కొడితే పుల్లీ కదలదు కానీ ఆ దెబ్బ షాఫ్టు గుండా పంపు లోపలికి పోతుంది. లోపల ఉండేవి నున్నగా సాన పట్టిన పలుచని రెక్కలు, వాటిని మోసే రోటరు. ఆ దెబ్బకు అవి దెబ్బతింటే అప్పటిదాకా బాగున్న పంపు కూడా పోతుంది. రిపేరు చేయడానికి వెళ్ళి రిపేరు తెచ్చుకోవడమంటే ఇదే.

నా కళ్ళముందు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి పెద్ద అమెరికన్ బండికి పంపు ముందు సీలు దగ్గర నూనె కారుతోందని ఒక గ్యారేజీకి తీసుకెళ్ళాడు. సీలు మార్చాలంటే పుల్లీ తీయాలి. ఆ గ్యారేజీలో దానికి తగిన పుల్లర్ లేదు. మూడు కాళ్ళ పుల్లర్ ఒకటి ఉంటే దాని కొక్కేలు పుల్లీ అంచుకు తగిలించి బిగించారు. రేకుతో చేసిన అంచు మొదట వంగింది, తరువాత ఒక ముక్క విరిగింది. అప్పుడు వాళ్ళు పెట్టిన తీర్పు, "పంపు మొత్తం పోయింది, కొత్తది వేయాలి." రికవరీ బండి మీద ఆ కారును మా దగ్గరికి తెచ్చాడు. మొహం చూస్తే తెలుస్తోంది, రాత్రి నిద్ర లేదు.

"అన్నా, సీలుకని మా సార్ ఒకపారి పైసలిచ్చిండు. ఇప్పుడు పంపే పోయిందని మళ్ళ ఎట్ల అడగాలె? నా జీతంల పట్టుకుంటరేమో" అన్నాడు.

"ముందు చూద్దాం తమ్ముడూ. పోయింది పంపో, పుల్లీ ఒక్కటేనో, అదే చెబుతుంది" అన్నాను.

ఆ భయం ఎంతటిదో బయటివాళ్ళకు తెలియాలంటే ఒక లెక్క చెప్పాలి. ఖతార్‌లో 2021 మార్చి నుంచి అందరికీ, ఇళ్ళలో పనిచేసేవాళ్ళతో సహా, కనీస మూలవేతనం నెలకు 1,000 రియాళ్ళు అని చట్టం చేశారు. తిండి, బస యజమాని ఇవ్వకపోతే తిండికి 300, బసకు 500 అదనం. అంతకు ముందు 2017లో వచ్చిన 15వ నంబరు చట్టం ఇంటి డ్రైవర్లకు, వంటవాళ్ళకు, ఆయాలకు మొదటిసారి ప్రత్యేకంగా హక్కులు రాసిపెట్టింది. చట్టాలు మంచివే. కానీ వెయ్యి, పదిహేను వందల జీతంలో ఇంటికి పంపేది పంపి, అప్పు కట్టేది కట్టేవాడికి అనవసరంగా మార్చిన ఒక్క పంపు ఆ నెల పిల్లల ఫీజుతో సమానం. అందుకే పుల్లీ పోయిందా, పంపు పోయిందా అన్నది మెకానిక్కుల మధ్య వాదన కాదు. ఒక ఇంటి సంగతి.

ఎలా తేల్చాలి? ఇంజను ఆపి, చల్లారనిచ్చి, బెల్టు తప్పించి, పుల్లీని చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. అంచు అటూ ఇటూ ఊగుతున్నా మధ్య గొట్టం నిలకడగా తిరుగుతుంటే వంకర పుల్లీది. మధ్య గొట్టమే ఊగుతుంటే, లేదా షాఫ్టు పట్టుకుని పైకీ కిందికీ కదిపితే లూజుగా ఆడుతుంటే అప్పుడు తప్పు పంపుది. తిప్పేటప్పుడు చేతికి గరగరమని తగిలినా పంపునే అనుమానించాలి. ఈ బండిలో షాఫ్టు నిటారుగా, నున్నగా తిరిగింది. పోయింది అంచు ఒక్కటే. పంపు బాగుంది.

"అన్నా, అంచు ఇరిగింది కదా, ఇప్పుడు దేన్ని పట్టి గుంజుతరు?" అని అడిగాడు ఆ తమ్ముడు. చాలా మంచి ప్రశ్న. దానికి జవాబే ఈ ప్రసంగంలో అసలు మాట. సరైన పుల్లర్‌కు అంచుతో పనే లేదు.

పుల్లీ మధ్యలో ముందుకు పొడుచుకొచ్చిన చిన్న గొట్టం ఉంటుంది. దాని చుట్టూ ఒక గాడి ఉంటుంది. దాన్ని మెడ అందాం. కంపెనీవాడు ఆ గాడి పెట్టిందే ఊడదీసేటప్పుడు పట్టు కోసం. దీనికి తగిన పుల్లర్‌లో అర్ధచంద్రాల్లాంటి రెండు ముక్కలు ఉంటాయి. అవి రెండు పక్కల నుంచి ఆ గాడిలో కూర్చుంటాయి. అవి విడిపోకుండా పైన ఒక గుండ్రని తొడుగు పడుతుంది. నడిమధ్య ఒక పొడుగాటి బోల్టు ఉంటుంది, దాని కొన షాఫ్టు ముఖానికి ఆనుతుంది. బోల్టు బిగించేకొద్దీ షాఫ్టును వెనక్కి నెడుతూ మెడను ముందుకు లాగుతుంది. లాగేదీ నెట్టేదీ ఒకే గీత మీద ఉంటాయి కాబట్టి వంకర అన్న మాటే లేదు. పంపు మీద దెబ్బా పడదు.

పని వరస చెబుతాను, వినండి. మొదట బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగి వస్తోందో ఫోనుతో ఫొటో తీసుకోండి. ఈ ఒక్క ఫొటో లేక గంటలు పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. తరువాత పొడుగాటి రాచెట్‌తో టెన్షనర్‌ను తిప్పి బెల్టు వదులు చేసి తప్పించండి. టెన్షనర్ లేని పాత బండ్లలో పంపు బోల్టులే వదులు చేసి పంపును జరపాలి. అప్పుడు షాఫ్టు చివర పుల్లీ ముఖంతో సమంగా ఉందా, లోపలికి ఉందా, ఎంత లోపలికి ఉందో కొలిచి రాసుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఈ కొలతే మీకు దిక్కు.

మెడ గాడిలో దుమ్ము, గ్రీజు తుడవండి. ఇక్కడ ఇసుక ఎక్కడికైనా దూరుతుంది. గాడిలో ఇసుక ఉంటే పుల్లర్ ముక్కలు పూర్తిగా కూర్చోవు, జారి మెడ అంచును కొరికేస్తాయి. షాఫ్టూ పుల్లీ కలిసేచోట తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి పావుగంట ఆగండి. పుల్లర్ నడిమి బోల్టు మరలకు గ్రీజు రాయండి. షాఫ్టు ముఖంలో మరలున్న రంధ్రం ఒకటి ఉంటుంది. బిగించేటప్పుడు దానితోనే పని కాబట్టి బోల్టు కొన ఆ మరలను చెడగొట్టకుండా చూసుకోండి. పుల్లర్ ఒంటిని పెద్ద స్పానర్‌తో కదలకుండా పట్టుకుని, నడిమి బోల్టును ఇంకో స్పానర్‌తో మెల్లగా తిప్పండి. మొదట్లో గట్టిగా ఉంటుంది. టక్కుమని ఒక చప్పుడు వస్తుంది. భయపడకండి, అది బిగువు వదిలిన చప్పుడు. ఆ తరువాత ప్రతి చుట్టుకూ పుల్లీ కొంచెం కొంచెంగా ముందుకు వస్తుంది.

మా దగ్గరికొచ్చిన బండికి ఇదంతా పావుగంట కూడా పట్టలేదు. "గిదేందన్నా, గింత అల్కగ వచ్చింది!" అని ఆ తమ్ముడు ఆ విరిగిన పుల్లీని చేతిలో తిప్పి తిప్పి చూసుకున్నాడు. సీలు మార్చాం, కొత్త పుల్లీ, కొత్త బెల్టు వేశాం. పుల్లీ ఖరీదు పంపు ఖరీదులో చిన్న వంతు. అంచు విరగ్గొట్టిన ఆ గ్యారేజీ కుర్రాణ్ణి నేను తిట్టను. చేతికి ఏ పనిముట్టు ఇస్తే దానితోనే చేస్తాడు. తగిన పనిముట్టు కొనివ్వని యజమానిది ఆ తప్పు.

మరి మెడ కూడా విరిగిపోతే? అది అసలైన కష్టం. పుల్లర్‌కు పట్టు దొరకదు. అప్పుడు పంపును పుల్లీతో సహా బండిలోంచి దించి లేతు షాపుకు తీసుకెళ్ళాలి. అక్కడ పుల్లీ వెనక రెండు ముక్కల పలక లాంటి బేరింగు సెపరేటర్ దూర్చి, మెడ వెనక భాగానికి ఆనించి, ప్రెస్సు మీద పెట్టి షాఫ్టును తిన్నగా నొక్కుతారు. ఇక్కడా సూత్రం అదే, అంచును ముట్టుకోకూడదు.

కానీ ఇందులో ఒక తమాషా ఉంది. కొన్ని బండ్లలో పంపును పట్టి ఉంచే బోల్టులు పుల్లీ వెనకే దాక్కుని ఉంటాయి. పంపు దించాలంటే పుల్లీ తీయాలి, పుల్లీ తీయాలంటే పంపు దించాలి. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు అన్నట్టు. అలాంటప్పుడు పుల్లీకి కిటికీల్లాంటి రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. చాలావాటికి ఉంటాయి. పుల్లీని తిప్పుతూ ఒక్కో రంధ్రాన్ని ఒక్కో బోల్టు ఎదురుగా తెచ్చి సాకెట్ దూర్చి విప్పొచ్చు. అదీ కుదరకపోతే పుల్లీ పోయినట్టే లెక్కవేసుకుని జాగ్రత్తగా కోసి తీయాలి. అది అనుభవం ఉన్నవాడి పని. ఇంట్లో చేసే పని కాదు.

గ్యాస్ మంటతో వేడి చేసి తీయొచ్చు కదా, ఎడ్లబండి పట్టా అలాగే కదా అని అడిగేవాళ్ళున్నారు. వద్దు. ఆ పుల్లీ వెనక రబ్బరు సీలు ఉంది, దాని వెనక మండే నూనె ఉంది. ఎడ్లబండి చక్రంలో ఆ రెండూ లేవు.

తిరిగి బిగించడం తీయడం కంటే సున్నితమైన పని. కొత్త పుల్లీని షాఫ్టు మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే ఎక్కుతుంది, నిజమే. ఆ నాలుగు దెబ్బలు పంపు లోపల ఏం చేశాయో నెల తరువాత తెలుస్తుంది. దీనికీ ఒక పనిముట్టు ఉంది. షాఫ్టు మధ్యనున్న మరల రంధ్రంలోకి ఒక బోల్టును ముందుగా చేత్తోనే లోపలిదాకా తిప్పాలి. రెండు మరల మీదే వేలాడదీస్తే అవి తెగిపోతాయి. తరువాత దాని మీదున్న నట్టు బిగిస్తే అది పుల్లీని తిన్నగా వెనక్కి నెడుతుంది. ముందు రాసుకున్న కొలత వచ్చేవరకు బిగించి ఆపేయండి. ఒక ఇనుప స్కేలు తీసుకుని పక్క పుల్లీ ముఖానికి ఆనించి రెండూ ఒకే వరసలో ఉన్నాయా చూడండి. రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా బెల్టు పక్కకు జరుగుతూ కీచుమంటుంది, అంచు పీచులుగా లేస్తుంది. పుల్లీ ప్లాస్టిక్‌ది అయితే ఒకసారి తీసినదాన్ని మళ్ళీ వేయకపోవడమే మంచిది.

నూనె పైపులు విప్పి ఉంటే గాలి బయటికి పంపాలి. ముందు చక్రాలు పైకెత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, ఇంజను ఆపే ఉంచి, స్టీరింగును ఆ చివర నుంచి ఈ చివరకు పదిపదిహేను సార్లు తిప్పి, నూనె తగ్గితే పోస్తూ ఉండండి. బుడగలు ఆగాక ఇంజను స్టార్ట్ చేయండి. ఏ నూనె పోయాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది. కొన్నిటికి గేరు బాక్సు నూనె, కొన్నిటికి ప్రత్యేకమైన స్టీరింగు నూనె. ఎరుపు రంగు చూసి అన్నీ ఒకటే అనుకోకండి.

అమెరికాలో ఉన్న శ్రోతలకు ఒక మాట. ఈ పుల్లర్ మీరు కొననక్కర్లేదు. ఆటోజోన్ లాంటి దుకాణాలు డిపాజిట్ తీసుకుని అరువిస్తాయి, తిరిగి ఇస్తే డబ్బు వాపసు. ఇక్కడ దోహాలో పనిముట్ల షాపుల్లో అడిగి చూడండి. కొనలేకపోతే, ఆ పుల్లర్ ఉన్న గ్యారేజీ ఏదో కనుక్కుని అక్కడికే వెళ్ళండి. "పుల్లీ దేనితో తీస్తావు?" అని ముందే అడగండి. మూడు కాళ్ళ పుల్లర్ చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇప్పుడు రోడ్డు మీద జరిగే సంగతి. దెబ్బతిన్న పుల్లీ ముందే కబురు పెడుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమనే చప్పుడు, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మూలుగు, బెల్టు అంచున పీచులు, బానెట్ కింద నల్లటి రబ్బరు పొడి. బెల్టు పగుళ్ళు చూసి బాగుందనుకోవడం పాత లెక్క. ఇప్పటి బెల్టుల రబ్బరు వేరు, అది పగలకుండానే అరిగిపోతుంది. గాడుల లోతు తగ్గిందేమో చూడాలి.

బండి పరుగులో ఉండగా పుల్లీ విరిగి బెల్టు జారిందనుకోండి. స్టీరింగు ఒక్కసారిగా బరువెక్కుతుంది. బెదరకండి. చక్రాలతో సంబంధం తెగిపోలేదు, సాయం మాత్రమే పోయింది. రెండు చేతులతో గట్టిగా తిప్పితే తిరుగుతుంది. చాలా బండ్లలో అదే బెల్టు బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్‌నూ, ఇంజనుకు నీళ్ళు తిప్పే పంపునూ నడుపుతుంది. బ్యాటరీ లైటు వెలుగుతుంది, ఉష్ణోగ్రత ముల్లు లేస్తుంది. 2010 జూలైలో దోహాలో 50.4 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండలో నీళ్ళు తిరగని ఇంజను నిమిషాల్లో ఉడికిపోతుంది. "ఇంకో పది కిలోమీటర్లే, ఇంటికి వెళ్ళిపోదాం" అనుకోవద్దు. పక్కకు ఆపి ఇంజను కట్టేయండి. రేడియేటర్ మూత వేడి మీద తీయకండి. ప్రమాదకరమైన చోట ఆగితే 999కి ఫోను చేయండి. సల్వా రోడ్డులో అబూ సమ్రా సరిహద్దు వైపు వెళ్ళేవాళ్ళు, పిల్లలతో ఎడారి వైపు వెళ్ళేవాళ్ళు, బయలుదేరే ముందు ఒక్కసారి బానెట్ ఎత్తి ఆ బెల్టు, పుల్లీ చూసుకోండి. బండిలో తాగేనీళ్ళు కావలసిన దానికంటే రెండింతలు పెట్టుకోండి.

పని చేసేవాళ్ళకు కూడా రెండు మాటలు. ఉంగరం, గడియారం తీసేయండి. వదులు చొక్కా, లుంగీతో తిరుగుతున్న బెల్టు దగ్గరికి వెళ్ళకండి. కంటికి అద్దాలు పెట్టుకోండి, విరిగిన పుల్లీ ముక్క బాణంలా వస్తుంది. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరకండి.

ఇళ్ళలో బండి నడిపే తమ్ముళ్ళకు నేను చెప్పేది ఇది. గ్యారేజీలో బండి వదిలే ముందు ఆ భాగం ఫొటో తీసుకోండి. ఏం చేస్తారో, ఎంతవుతుందో బిల్లు మీద రాయించుకోండి. మార్చిన పాత సామాను తిరిగి అడిగి తీసుకోండి. యజమానికి కాగితమూ, విరిగిన ముక్కా రెండూ చూపించి చెబితే మీ మాటకు బలం వస్తుంది. మా దగ్గరికి వచ్చిన ఆ తమ్ముడు అలాగే చేశాడు. ఆయన సార్ ఆ పుల్లీ చూసి, బిల్లు చూసి, మారు మాట్లాడకుండా డబ్బిచ్చాడు. అలాగే ఇంట్లో డ్రైవరును పెట్టుకున్న మన తెలుగు కుటుంబాలవాళ్ళు కూడా, బండి చెడిందని చెప్పగానే ముందు "నువ్వేం చేశావు?" అని అడక్కండి. "ఏం విరిగింది, చూపించు" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకూ చాలా తేడా ఉంది.

మొత్తం మీద గుర్తుంచుకోవలసింది ఇంతే. అంచు ముట్టుకోవద్దు, మెడ పట్టండి. కొట్టవద్దు, తిన్నగా లాగండి. పుల్లీ పోయినంత మాత్రాన పంపు పోయినట్టు కాదు, ఎవరైనా అలా అంటే బెల్టు తీసి చేత్తో తిప్పి చూపించమనండి. వచ్చేసారి బ్యాటరీల గురించి, ఈ ఎండకు అవి ఎందుకు త్వరగా చచ్చిపోతాయో మాట్లాడుకుందాం. అందాకా క్షేమంగా నడపండి, నీడలో ఆపండి. సెలవు.